కోడలు పలకని పేరు

“అయితే ఖాళీగానే వదిలెయ్యమని చెప్పేస్తానమ్మా! నవ్వేవాళ్లు నవ్వనీ!”

వుసుముజి అరుపుకి దొడ్లో ఆవులు కూడా తలెత్తాయి. గుండ్రటి గుడిసెలో గోడవైపు తిరిగి, నెత్తి మీదుగా దుప్పటి లాక్కుని కూర్చున్న మాంతులి మాత్రం ఉలకలేదు, పలకలేదు. నిన్నటినుంచీ ఇదే వరస. ముందు పెట్టిన పులిసిన పాల గిన్నె పెట్టినట్టే ఉంది.

పొయ్యి దగ్గర జావ కలుపుతున్న ఫిండిలే తల దించుకునే చెవులు నిక్కించింది. ఆ ఇంటికి చిన్నకోడలై వచ్చి మూడు నెలలయింది. బావగారి ముందు భుజాల మీది శాలువా జారకూడదు, గొంతు లేవకూడదు. వినడానికి మాత్రం ఎవరి అడ్డూ లేదు.

“ఏం అడిగాను నిన్ను? ఆవులడిగానా, పొలమడిగానా? మా తాతకి తాత పేరు అడిగాను. నీకు తెలుసు. తెలిసీ చెప్పవు!”

“తెలీదని నేనన్నానా?” దుప్పటిలోంచి గొంతు వచ్చింది.

“మరి చెప్పు!”

“నేనీ ఇంటి కోడల్నిరా.”

చిక్కంతా అక్కడే ఉంది. అత్తవారి పెద్దల పేర్లు కోడలి నోటివెంట రాకూడదు. పేరే కాదు, పేరుకి దగ్గరగా ఉండే మాట కూడా రాకూడదు. ఏవి అనకూడదో తెలియాలి గనక పెళ్లయిన కొత్తలో ఇంటి ఆడపడుచు కోడల్ని చాప మీద కూర్చోబెట్టి ఆ పేర్లన్నీ ఒకసారి వినిపిస్తుంది. మగవాళ్లకి ఆ బాధ లేదు. దొడ్లో నిలబడి పితరుల్ని పిలిచేటప్పుడు వంశం బిరుదులన్నీ గొంతెత్తి చదువుతారు, పేర్లు మాత్రం తరానికొకటి జారవిడుస్తారు. ఆడవాళ్లు ఆ దొడ్డి గడప తొక్కరు కాబట్టి అక్కడ ఏం పిలిచారో, ఏం మరిచారో వాళ్లకి తెలియదు.

జుంగుల ఇంట అదే జరిగింది. వుసుముజికి మీసాలు రాకముందే తండ్రి బంగారు గనిలో పోయాడు. పెద్దవాళ్లు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. రాజుగారి పటాలంలో చేరి ఇంగ్వే కొండ మీద ఎర్రకోట్లు తొడిగిన తెల్లసిపాయిల తుపాకులకి ఎదురెళ్లి నేలకొరిగిన ఆ పెద్దాయన పేరు తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కతే మిగిలింది. ఆవిడేమో అనకూడని మనిషి.

ఎర్రకోట్ల వాళ్లకి ఆ కొండ మీద తెల్లరాళ్లు ఎప్పుడో నూరేళ్ల కిందటే లేచాయి. రాజుగారి వాళ్లకి మాత్రం ఇప్పటికి యోగం పట్టింది. రెండు నిలువుల నల్ల గ్రానైటు రాయి వచ్చింది. చుట్టుపక్కల ఇల్లిల్లూ తమ పెద్దాయన పేరు ఇచ్చింది. శనివారం రాయి మీది తెర తీస్తారు. జుంగుల వంతు చోటు నున్నగా, ఖాళీగా ఉంది. ఇవాళ సాయంత్రంలోగా పేరు రాకపోతే అక్కడ ‘జుంగుల ఇంటి యోధుడొకడు’ అని చెక్కేసి రాతిపనివాడు డూబే ఉలి సర్దుకుంటాడు.

“కుమాలోల ముసలమ్మ నిన్న నలుగురిలో ఏమందో తెలుసా? ‘మీ ఇంట్లో ఎద్దులకి పేర్లున్నాయి గానీ తాతలకి లేవా’ అంది. నేను తలెత్తుకుని ఎలా తిరగను?”

“నవ్వనీరా. నవ్వితే పళ్లు రాలేది వాళ్లవే. రేపు నేను పోతే అక్కడ మీ నాన్న, వాళ్ల నాన్న, ఆ పైవాళ్లు అందరూ వరసగా కూర్చునుంటారు. నోరు కట్టుకోలేని కోడలొచ్చిందర్రా అంటే నేను ఏ మొహంతో నిలబడను? మీ నాన్న ఏడాదికోసారి వచ్చేవాడు. అత్తగారు నేను రాకముందే పోయింది. నన్ను మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. నా నోరు నేను కాపాడుకున్నా, అదొక్కటే నాకున్న గొప్ప. దాన్ని పోయి రాతికేసి కొట్టుకోమంటావా?”

వుసుముజి గుమ్మంలో చతికిలబడి టోపీ తీసి మోకాలికి తొడిగాడు.

“పోనీ, నేను ఒక్కో పేరే చదువుతాను, సరైంది వచ్చినప్పుడు తలూపమ్మా.”

“తలూపినా పలికినట్టే.”

 జావ బుడబుడమంది. ఫిండిలేకి నాలుక దురద పెడుతోంది. పట్నంలో, ఉమ్లాజీలో పెరిగిన పిల్ల. అక్కడ ఇలాంటివన్నీ పెళ్లిలో పాట పాడినంతసేపే. ఇక్కడ ఒక ముసలామె ఒక్క మాట కోసం రెండు రోజులు తిండి మానేసింది. ఆ మాటేమిటో తెలుసుకోవాలని ఫిండిలేకి ప్రాణం కొట్టుకుంటోంది.

“అత్తయ్యా,” అంది ఉండబట్టలేక, తల ఎత్తకుండానే. “అనగలిగినవాళ్లు ఇంకెవరూ లేరా? ఇంటి ఆడపిల్ల అనొచ్చుగా?”

 వుసుముజి మెల్లిగా టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

“ఉంది. ఒకతుంది.”

“దాని పేరెత్తకు!” మాంతులి దుప్పటి తొలగించి ఇటు తిరిగింది. రెండు రోజుల్లో అదే మొదటిసారి ఆవిడ మొహం కనపడటం.

తోకోజిలే. మాంతులి భర్తకి అక్క. కొండ అవతల, ఏరు దాటాక ఇల్లు. నలభై ఏళ్ల కిందట తమ్ముడి శవం ముందు ఊరంతా వింటుండగా “నా తమ్ముణ్ణి గనికి తరిమింది ఇదే, నెలనెలా డబ్బు డబ్బు అని ప్రాణం తోడేసింది ఇదే” అని వేలెత్తి చూపించింది. ఆనాటినుంచి ఆ గుమ్మం వీళ్లు తొక్కలేదు, ఈ గుమ్మం ఆవిడ తొక్కలేదు.

“ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నాకది ముప్పాతిక మొగుడు. నేను ఉప్పు ఎక్కడ పెట్టాలో అదే చెప్పేది, ఎంత నవ్వాలో అదే చెప్పేది. చివరికి నా మొగుణ్ణి నేనే చంపానంది. దాని గడప తొక్కి అడుక్కుంటావా?”

“నేను తొక్కనమ్మా. ఒట్టేశానుగా.”

“నేను వెళ్తాను,” అంది ఫిండిలే.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. ఆమెకి ఆ తగాదాతో సంబంధం లేదు. పైగా కొత్తకోడలు మొగుడి మేనత్తకి మొక్కడానికి వెళితే ఎవరూ తప్పుపట్టరు. వుసుముజి తల్లి వంక చూశాడు. మాంతులి వద్దనలేదు. మళ్లీ గోడవైపు తిరిగింది. చాలాసేపటికి గోడతోనే చెప్పినట్టు చెప్పింది.

“అది ముక్కుపొడుం పీలుస్తుంది. ఘాటుది పట్టుకెళ్లు. మెత్తది ఇస్తే మొహాన కొడుతుంది. బండి కోసం ఆగాల్సొస్తే ఎండ తగలని చోట నిలబడు.”

*

తోకోజిలే రేకుల ఇంటి ముందు చాప వేసుకుని బొబ్బర్లు ఒలుస్తోంది. ఎనభై దాటిన మనిషి. వేళ్లు మాత్రం చకచకా ఆడుతున్నాయి.

ఫిండిలే దూరంగా మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు దించుకుని, పొడుం డబ్బా రెండు చేతులా అందించింది.

“ఎవరి కోడలివే?”

“జుంగుల ఇంటి కోడల్ని పెద్దత్తయ్యా. మీ చిన్న మేనల్లుడు లిండాని భార్యని.”

“లిండానీయా!” బొబ్బర కాయ చేతిలోంచి జారింది. “పొత్తిళ్లలో చూశా వాణ్ణి. తండ్రి పోయేనాటికి వాడింకా పాలు వదల్లేదు. పెళ్లి కూడా అయిందీ? కబురైనా చెయ్యలేదు చూడు నాకు. ఏం, నేను వస్తే మాంసం తరిగిపోతుందా?”

 ముసలామె చిటికెడు పొడుం పీల్చి, నాలుగు తుమ్ములు తుమ్మి, కళ్లు తుడుచుకుంది.

“ఇంత ఘాటుది నాకు నచ్చుతుందని ఎవరు చెప్పారు నీకు?”

ఫిండిలే నోరు విప్పేలోపే ఆవిడే తల పంకించింది. “అదేలే. దానికింకా గుర్తుందన్నమాట.”

ఫిండిలే వచ్చిన పని చెప్పింది. రాయి, ఖాళీ చోటు, కుమాలోల ముసలమ్మ నవ్వు, రెండు రోజుల పస్తు, ఏదీ దాచలేదు. తోకోజిలే మొదట నవ్వుతూ విన్నది. కుమాలోల మాటకైతే పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. పస్తు దగ్గరికి వచ్చేసరికి నవ్వు తగ్గింది.

“చెప్పదా? ఎందుకు చెప్పదు? నేను చెప్పానుగా దానికి. పెళ్లయిన మూడోనాడు, ఇలాగే చాప మీద కూర్చోబెట్టి. మా అమ్మ లేదు కదా, నేనే చెప్పా. ఊపిరి బిగబట్టి వింది పిచ్చిది.”

“చెప్పకూడదని పెద్దత్తయ్యా. కోడలు కదా.”

“అంటే, ఇంకా పాటిస్తోందా అవన్నీ?”

“ఒక్కటీ తప్పరు.”

“ఒక్కటీనా?”

“నిద్రలో కూడా.”

తోకోజిలే డబ్బా మూత పెట్టబోయి, మూత ఎటు తిప్పాలో మరిచిపోయినట్టు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఫిండిలే కనురెప్పల కిందినుంచి చూసింది. గెలిచిన మనిషి మొహంలా లేదది. భయపడిన మనిషి మొహంలా ఉంది. ఎందుకు? ఆ ప్రశ్న ఫిండిలే నోటిదాకా వచ్చింది. కొత్తకోడలు కాబట్టి మింగింది.

“ఫోను తియ్యి,” అంది ముసలామె ఉన్నట్టుండి. “నేను చెప్పింది అందులో పట్టి వాడికి పంపు. నువ్వు నోటితో చేరవెయ్యడానికి లేదు. విన్నాక ఇక నువ్వూ అనకూడదు, తెలుసా?”

తెలుసు. కానీ ఆ క్షణం దాకా తనకి అది వర్తిస్తుందని తోచలేదు. ఒక మాట ఇంకో నిమిషంలో తన నోట్లోంచి శాశ్వతంగా వెళ్లిపోబోతోంది. ఏ మాట? రోజూ వాడేదేనా?  వినాలనీ ఉంది, వద్దనీ ఉంది.

తోకోజిలే ఫోను నోటికి అడ్డంగా పెట్టుకుని చెవిటివాడితో మాట్లాడినట్టు మాట్లాడింది.

“ఒరే వుసుముజీ, నేను మీ మేనత్తని. బతికే ఉన్నా. నువ్వు అడగలేదు గానీ చెబుతున్నా. మీ తాతకి తాత, ఇంగ్వే కొండ మీద పోయినాయన, మాలుసి. మాలుసి జుంగు. నా తమ్ముడి సమాధి మీద ఒట్టు. ఇంతే.”

పంపించాక ఫిండిలే లేవబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“ఇది మీ అత్తకి మాత్రం వినిపించకు.”

“ఎందుకు పెద్దత్తయ్యా?”

ఆవిడ చెయ్యి వదిలేసింది. “నా గొంతు దానికి పడదులే.”

బొబ్బర్లు ఒక గుడ్డలో మూటగట్టి ఇచ్చింది. మనవరాలి ఫోను నెంబరు కూడా ఇప్పించింది. “దానికేమైనా అయితే చెప్పు,” అంది. దానికి అంటే ఎవరికో విడమరచలేదు.

ఏటి ఒడ్డున బండి కోసం నిలబడ్డప్పుడు వుసుముజి నుంచి కబురొచ్చింది. ఉలి పట్టించేశాడట. అమ్మని కూడా కొండమీదికి తీసుకెళ్తున్నాడట. ఫిండిలేని నేరుగా అక్కడికే వచ్చెయ్యమన్నాడు.

*

కొండ మీద గాలి చెవులు కోస్తోంది. నల్లరాయికి సగం దాకా గోనెతెర కప్పి ఉంది. జుంగుల వరస ఉన్నవైపు తెర పైకి ముడేసి డూబే ఆఖరి అక్షరం పొడి ఊదుతున్నాడు. శనివారం పందిళ్ల కోసం వచ్చిన ఊరివాళ్లు పది పదిహేనుమంది పని ఆపి చుట్టూ మూగారు. కుమాలోల ముసలమ్మ ముందు వరసలో ఉంది. ఆవిడ లేకుండా ఏం జరిగింది గనక ఆ ఊళ్లో.

వుసుముజి పొంగిపోతున్నాడు. తల్లిని చెయ్యిపట్టి నడిపించుకొచ్చి రాయి ముందు నిలబెట్టాడు. మాంతులిది రెండు రోజుల పస్తు. అయినా తలగుడ్డ సర్దుకుంది, శాలువా భుజాల నిండా కప్పుకుంది. మామగారి తాత ముందు నిలబడ్డట్టే నిలబడింది. ఆవిడకి చదువు రాదు. వేలితో అక్షరాల గాట్లు తడిమింది. రాతిపొడి వేలికంటింది.

“లోతుగానే కొట్టారు,” అంది.

“నూరేళ్లు చెక్కుచెదరదు తల్లీ,” అన్నాడు డూబే.

ఆవిడ కళ్లనిండా నీళ్లు. ఫిండిలే అప్పుడే చేరుకుంది. అత్తగారి మొహం చూసి ఎంత తేలిక పడిందో. తన వల్లే ఇదంతా కుదిరిందని లోపల కొంచెం గర్వం కూడా కలిగింది.

“చదవరా. వింటాను. వినడానికి తప్పులేదు,” అంది మాంతులి.

వుసుముజి గొంతు సవరించుకుని నలుగురికీ వినబడేలా చదివాడు. “మాలుసి జుంగు!”

మాంతులి కాసేపు చెవి ఒగ్గినట్టే ఉండిపోయింది, ఇంకా ఏదో రావాలన్నట్టు. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

“మాలుసా? మాలుసి ఎవర్రా?”

డూబే చేతిలో సుత్తి ఆగింది. కుమాలోల ముసలమ్మ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అమ్మా!”

“ఏంటి? మాలుసి అనే మనిషి మనింట్లో ఎప్పుడున్నాడు? మాలుసి అట, మాలుసి! ఎవడి పేరు తెచ్చి ఎవడి చోట చెక్కావు?”

కోడిని పిలిచినంత తేలిగ్గా అయిదుసార్లు అనేసింది. రెండు రోజులు తిండి మానేసిన మనిషి, తలూపడానికి కూడా ఒప్పుకోని మనిషి, పదిమందిలో అలా అనేసిందంటే అర్థం ఒక్కటే. అందరికీ ఒకేసారి తట్టింది. వుసుముజి మొహంలో రక్తం లేదు.

“అంటే ఇది కాదా?”

“కాదు!”

“డూబే అన్నా, ఇది చెరపడానికి...”

“నాది చెక్కే పని బాబూ. అది బడిపిల్లాడి పలక కాదు, గ్రానైటు. తుడిస్తే పోదు.”

వుసుముజి టోపీ తీసి నేలకేసి కొట్టాడు. “ముసల్ది పగ తీర్చుకుంది! నలభై ఏళ్లు కాచుక్కూర్చుని మా తాత చోట ఎవడో అనామకుణ్ణి కూర్చోబెట్టింది!” అని, వెంటనే ఫిండిలే మీదికి తిరిగాడు. “నువ్వు పక్కనే ఉన్నావుగా! ఆవిడ మొహం చూస్తే తెలీలేదా నీకు?”

తెలిసింది. ఏదో ఉందని తెలిసింది. అదేమిటో తెలియలేదు. ఫిండిలేకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“ఏమని చెప్పింది అది?” మాంతులి అడిగింది.

“తన గొంతుతోనే చెప్పారు అత్తయ్యా. ఫోనులో ఉంది.” వినిపించొద్దన్న మాట గుర్తుంది. కానీ అత్తగారు చెయ్యి చాచారు. చాచిన చేతిని కాదనడం ఎలాగో ఫిండిలేకి తెలియలేదు. ఫోను నొక్కింది.

ఒరే వుసుముజీ, నేను మీ మేనత్తని. బతికే ఉన్నా...

నలభై ఏళ్ల తర్వాత ఆ గొంతు వినగానే మాంతులి పెదవి ఒక పక్కకి వంకర పోయింది. తిట్టడానికి సిద్ధమైంది. ‘నా తమ్ముడి సమాధి మీద ఒట్టు’ అన్న దగ్గర ఆ పెదవి ఆగిపోయింది.

“మళ్లీ పెట్టు.”

ఫిండిలే మళ్లీ పెట్టింది. వుసుముజి ఏదో అనబోతే తల్లి చెయ్యెత్తి ఆపింది.

“ఇది అబద్ధం కాదు,” అంది నెమ్మదిగా.

“ఇప్పుడేగా కాదన్నావు!”

“దాని నోరు మురుగ్గుంట. నాకు తెలుసు. కానీ తమ్ముడి పేరు మీద అది అబద్ధమాడదు. వాడి కోసమే కదా నన్ను అన్ని మాటలంది. వాడి సమాధి మీద ఒట్టేసి అబద్ధం చెప్పే మనిషి కాదురా అది.” ఆవిడ ఫోను వంకే చూసింది. “నీకు అబద్ధం చెప్పలా.”

మిగతా సగం ఆవిడ అనలేదు. అనక్కర్లేకపోయింది. నీకు చెప్పలేదంటే, నాకు చెప్పింది. ఇరవై ఏళ్ల కొత్తకోడల్ని చాప మీద కూర్చోబెట్టి, అసలు పేరు దాచి, వేరే ఏదో పేరు చెవిలో పోసింది.

మాంతులి రాయికి చెయ్యి ఆనించి కూలబడింది. మాలుసి అంటే వాళ్ల భాషలో కాపరి. ఆదివారం ఆదివారం చర్చిలో దేవుణ్ణి కాపరీ అని పిలిచే పాటకి ముందుగొంతు ఆవిడదే. మందవెంట పోయే పిల్లలందరినీ ఆ మాటతోనే కేకేసేది. మామగారి తాత పేరు యాభై ఏళ్లు నోటికొచ్చినట్టు అరిచి, ఇవాళ ఆయన రాయి ముందు నిలబడి కూడా అరిచింది.

“ఆయన వింటూనే ఉన్నాడు కదే,” అంది ఫిండిలేతో, చిన్నపిల్ల అడిగినట్టు. “ఇన్నేళ్లూ వింటూనే ఉన్నాడు. ఇదెంత పొగరుమోతు కోడలు అనుకునుంటాడు.”

“మీకు తెలీక కదా అత్తయ్యా!”

“వడదెబ్బకి సోలిపోయిన బిడ్డని పక్కకి లాగండర్రా అనడానికి కూడా ఆ ఒక్క మాట అనలేదు నేను. ఎండ తగలని చోటు, ఎండ తగలని చోటు అని చుట్టుతిప్పి చెప్పేసరికి పుణ్యకాలం గడిచిపోయేది. ఎవరి కోసం అనలేదు?”

నీడ. ఆ దొంగపేరుకి దగ్గరి మాట అదేనని ఫిండిలేకి అప్పుడు తట్టింది. మూడు నెలల్లో అత్తగారి నోట ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు. ఈ ఎండల దేశంలో, నీడ అనకుండా, యాభై ఏళ్లు. అత్తగారి మీద ఫిండిలేకి పట్టలేనంత జాలి వేసింది.

“నెంబరుందా దానిది?” అంది మాంతులి.

“మనవరాలిది ఉంది అత్తయ్యా.”

“కలుపు. అందరూ విననీ. నా పరువు పోయేది ఇక్కడే పోయింది, తెలుసుకునేదీ ఇక్కడే.”

ఫోను చాలాసేపు మోగింది. మనవరాలి గొంతు, అడుగుల చప్పుడు, తర్వాత ఒక దగ్గు.

“వదినా,” అంది మాంతులి.

అవతల దగ్గు ఆగిపోయింది. ఫిండిలే ఫోను రెండు చేతులా పట్టుకుని మోకాళ్ల మీద ఉంది. గాలికి గోనెతెర టపటపా కొట్టుకుంటుంటే వుసుముజి వెళ్లి దాన్ని ఒడిసి పట్టుకున్నాడు.

“మరదలా.” అంది తోకోజిలే. “వినిపించొద్దన్నానే ఆ పిల్లకి.”

“మాలుసేనా?”

“మాలుసే.”

ఇప్పుడు తెలిసీ పలికింది మాంతులి. అది గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఎందుకు చేశావు వదినా? నేనేం చేశాను నిన్ను? అప్పటికి నేను వచ్చి మూడు రోజులు. నీ మొహం కూడా సరిగా చూడలేదు.”

“నాలుగు రోజులకి చెప్పేద్దామనుకున్నా. తమాషాగా మొదలైంది, అసలు పేరు తర్వాత చెబుదామనుకున్నా. ఈలోగా నువ్వు ఎంత నిష్ఠగా పట్టావంటే, నీళ్లబిందె దింపుతూ కూడా ఆ మాట తప్పించి మాట్లాడుతుంటే, చెప్పబుద్ధి కాలేదు.” అవతల ముక్కు చీదిన చప్పుడు. “తమాషా అన్నది కూడా అబద్ధమేలే. ఆ పేరు నా ఇంట్లో ఎవరూ అనకూడదనుకున్నా. నాకు వినపడకూడదనుకున్నా. అందుకే నీ నోటికి తాళం వేశా.”

కుమాలోల ముసలమ్మ ఒక అడుగు ముందుకి జరిగింది. ఎవరూ ఆపలేదు. అందరూ ఒక అడుగు జరిగే ఉన్నారు.

“ఎవరిది వదినా ఆ పేరు?”

అవతల మళ్లీ ముక్కు చీదిన చప్పుడు.

“నేను ఇన్నేళ్లు దేవుడి పేరులా దాచింది ఎవడి పేరు? చెప్పాలి నువ్వు. నాకు ఆ మాత్రం బాకీ ఉన్నావు.”

“చెబుతా. దాచను. కానీ ముందు నువ్వొక్కసారి అను.”

“ఏం అననూ?”

“ఆ పేరే. నేను కట్టిన ముడి నేనే విప్పుతున్నా మరదలా. అది మన పెద్దల పేరు కాదు, నీకు దోషం లేదు. యాభై ఏళ్లయింది, ఆ పేరు ఎవరైనా పిలవగా విని. ఎవరూ అనకపోతే మరిచిపోతాననుకున్నా. మరిచిపోలా. నేను అనలేను. నా నోట రాదు. లోకంలో ఇంకెవరికీ గుర్తులేదు, నీకు తప్ప. ఒక్కసారి అను, విని అంతా చెబుతా.”

మాంతులి రాయి మీది గాట్ల వంక చూసింది. తలగుడ్డ వెనక్కి జారింది, సర్దుకోలేదు.

“అనకమ్మా!” తెర వదిలేసి వుసుముజి ఒక్క అంగలో వచ్చాడు. “అప్పుడొక అబద్ధం చెప్పింది కదా. ఇదీ అబద్ధమైతే? అదే మన పెద్దాయన అసలు పేరైతే? ఈ రాయి ముందే, పదిమందిలో, నీ నోటితోనే అనిపించుకోవడానికి ఆడుతోందేమో ఎవరికి తెలుసు?”

ఫోనులో ముసలి ఊపిరి వినబడుతోంది. ఆవిడ ఒట్టు పెట్టలేదు. వాదించలేదు. “వినపడుతున్నానా?” అని మాత్రం అంది, చాలా చిన్నగా.

మాంతులి కొడుకు చెయ్యి పక్కకి తోసింది. ఫిండిలే చేతుల్లోంచి ఫోను తీసుకుని నోటి దగ్గర పెట్టుకుంది.

“వినపడుతున్నావు వదినా,” అంది, పెదవులు తడుపుకుని, యాభై ఏళ్లుగా మింగిన ఆ పేరు కోసం నోరు తెరిచింది.